వరుసలో పైనున్న పేరు

సాయంత్రం ఆరూ పదికి కోయిలకుంట్ల నుంచి ఫోన్ వచ్చింది. చేసింది మా పొలం కౌలుకు చేసే రైతు. మా ఆయన బతికి ఉన్నప్పుడు ఆ వేళకు ఆయనే అతనికి ఫోన్ చేసేవారు. ఒకే మాట అడిగేవారు, వానెంత అని. ఆయన పోయి నెల దాటింది. ఆ రోజు అతనే చేశాడు.

“అమ్మా, పదునైంది. ఆయప్ప ఉంటే ఈపాటికి అడిగుండు. ఎవురికి చెప్పల్లో తెలీక నీకు చేసినా.”

“ఎంత పదును?” అన్నాను. ఇన్నేళ్ళు పక్క గదిలోంచి వింటూ వచ్చిన ప్రశ్న అది.

“దుక్కి పదును. జానెడు దిగింది. రెండు దినాలు ఆరితే శనగ ఇత్తనం ఏస్తా.”

నల్లరేగడి నేలల్లో వానను మిల్లీమీటర్లలో చెప్పుకోరు. మట్టిని చేత్తో తవ్వి, తడి ఎంత లోతుకు దిగిందో చూసి చెబుతారు. దుక్కి పదును అంటే నాగలి పోయేంత లోతు తడిసిందని. బుడ్డ శనగకు అది చాలు.

ఫోన్ పెట్టేశాక ఆ కబురుతో ఏం చేయాలో నాకు తోచలేదు. మా ఆయన ఉంటే ఏం చేసేవారో తెలుసు. కుర్చీ కిటికీ వైపు జరుపుకుని, ఫోన్‌లో ఒక ఫోరం తెరిచి, ఆ ఒక్క ముక్క అందులో రాసేవారు. తర్వాత మిగిలిన వాళ్ళు రాసినవి చదువుతూ భోజనం వేళ దాకా కూర్చునేవారు. బ్యాంకు ఉద్యోగం నుంచి రిటైరైన నాటి నుంచి ఆ అలవాటు తప్పలేదు. నేను కాలేజీ లైబ్రరీలో పనిచేసి రిటైరయ్యాను. ఆ వేళ నేను నా పుస్తకం చదువుకునేదాన్ని. ఆయన అప్పుడప్పుడూ ఏదో ఒకటి పైకి చదివి వినిపించేవారు. “ఓర్వకల్లులో మబ్బు పట్టి పోయిందంట.” నేను ఊఁ అనేదాన్ని. మాకు అంతే సరిపోయేది.

ఆయన ఫోన్ నా దగ్గరే ఉంది. ఫోరం కూడా ఆయన పేరుతోనే తెరుచుకుంది. మెట్ట సేద్యం చేసేవాళ్ళు మాట్లాడుకునే చిన్న ఫోరం అది. వాట్సాప్ గ్రూపులు వచ్చాక చాలామంది అటు పోయారట గానీ, ఒక యాభై అరవై మంది మాత్రం దీన్నే పట్టుకుని ఉన్నారు. ఎవరూ సొంత పేరు పెట్టుకోలేదు. ఊరి పేరే మనిషి పేరు. ఆయన అందులో కోయిలకుంట్ల. మేముండేది కర్నూలు టౌన్‌లో అయినా పొలం ఆ ఊళ్ళో కాబట్టి ఆ పేరు. పేజీ పైన ‘కొత్త పోస్టులు’ అని ఉంటుంది. దాన్ని నొక్కితే ఎవరు చివరగా రాశారో వాళ్ళ ముక్క అన్నిటికన్నా పైన, పక్కన వాళ్ళ పేరు. ఇంకొకరు రాయగానే అది పైకి, ఇది కిందికి. లైబ్రరీలో నేను చూసిన వరుస వేరు, అక్కడ పుస్తకాన్ని ఎవరైనా చదివినందువల్ల దాని చోటు మారదు. ఇది అర్థమవడానికి నాకు కొంత సేపు పట్టింది.

వాన గురించి రాసుకునే వరుసలో ఆయన కోసం అడిగినవాళ్ళు కనిపించారు. “కోయిలకుంట్లన్నా, శానా దినాలాయ, యాడికి పోయినావు?” అని ఓర్వకల్లు. “ఊరికి పోయుంటాడులే, ఆయప్పకు బిడ్డలున్నారు గదా” అని ఇంకెవరో. ఆ మాట తప్పు. మాకు పిల్లలు లేరు. ఆయన ఆ సంగతి వాళ్ళకు చెప్పినట్టు లేదు.

నేను రాశాను. “కోయిలకుంట్ల. దుక్కి పదును. ఇది రాస్తున్నది ఆయన భార్యను. గత నెల గుండెపోటు వచ్చి ఆయన పోయారు. ఆయన కోసం అడిగినవారికి తెలియాలని రాస్తున్నాను.”

ఇంకో మాట చేర్చాలా అని ఆలోచించి, చేర్చలేదు.

మా వదిన, అంటే ఆయన అక్క, కడప నుంచి దినాలకు వచ్చి నాకు తోడుగా ఉండిపోయింది. నేను రాసినది ఆమెకు చదివి వినిపించాను.

“సావు కబురు, వాన కబురు ఒకే జాబులో రాస్తివా?” అంది.

“వాన కబురు రాయడానికే తెరిచాను వదినా.”

“బాగుండాది. మావాడు ఉన్నా అట్లనే రాసుండు.” కాస్త ఆగి అడిగింది. “ఇప్పుడు వాళ్ళు ఏం రాస్తారు?”

“ఏదో ఒకటి రాస్తారు.”

నేను ఎదురుచూసింది ఓదార్పు కోసం కాదు. ఓదార్పు మాటలు నెల రోజులుగా వింటూనే ఉన్నాను, అందరూ మంచివాళ్ళే. నేను చూడాలనుకున్నది వేరు. ఆయన రోజూ సాయంత్రాలు గడిపింది ఈ మనుషులతో. నాకు తెలియని ఒక భాగం ఆయనది వాళ్ళ దగ్గర ఉంది. ఆయన పోతే అక్కడ ఎవరికైనా వెలితి అనిపించిందా? అది తెలిస్తే చాలు.

ఆ సాయంత్రం ఎవరూ రాయలేదు. సీజను కదా, పొలాల్లో ఉంటారు అనుకున్నాను. మర్నాడు అదే వేళకు తెరిచి కొత్త పోస్టులు నొక్కితే, కొత్త పోస్టులు ఏమీ లేవు అని ఒక్క ముక్క వచ్చింది. ఆ పైరోజూ అంతే. నా జాబు కింద మాత్రమే కాదు. విత్తనాల మాటలు, ఎద్దుల బేరాలు, బోర్ల గోడు, ఎక్కడా ఎవరూ ఏమీ రాయలేదు.

నేనేదో తప్పు నొక్కి ఉంటాననుకున్నాను. ఫోన్ ఆపి మళ్ళీ పెట్టాను. డేటా అయిపోయిందేమోనని రీచార్జి చేయించాను. ఒకసారి ఫోరం నుంచి బయటికొచ్చి మళ్ళీ లోపలికి పోదామనుకుని, పాస్‌వర్డు తెలియదని గుర్తొచ్చి ఆగిపోయాను. బయటికొస్తే ఆ పేరుతో మళ్ళీ లోపలికి పోలేను.

వదిన మంచం మీద కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ నన్ను చూస్తూ ఉంది.

“ఏమ్మే, దినామూ బస్సు కోసరం కూచున్నట్ల కూచుంటాండావు. ఆ బస్సు వచ్చేదేనా?”

“ఫోన్‌లో ఏదో తేడా ఉన్నట్టుంది.”

“ఫోన్‌లో కాదు, మనుషుల్లో. వానా వానా అని పొద్దుగూకులూ మాట్లాడుకునిరి. మనిషి పోతే ఒక్క మాటకు కరువొచ్చె. మొగం తెలీని సావాసాలు ఇట్లనే ఉంటాయి.”

నేను ఫోన్ పక్కన పెట్టి, ఆమె ముందున్న చిక్కుడుకాయలు కొన్ని అందుకున్నాను.

వారం దాటాక సందు చివర ఫోన్లు బాగుచేసే అంగడికి తీసుకుపోయాను. అంగడాయన మాకు తెలిసినవాడే. మా ఆయన ఫోన్ అని గుర్తుపట్టి ఒక క్షణం చేతిలో అట్లే పట్టుకున్నాడు. తర్వాత అద్దాలు పైకి తోసుకుని చూశాడు.

“మీరు నొక్కేది మీరు సదవనివే చూపిస్తాదమ్మా. సదివేసినవి అందులో రావు. అన్నీ సూడల్లంటే ఇదిగో, ఈడ నొక్కల్ల.”

అన్నీ వచ్చాయి. అన్నిటికన్నా పైన నా జాబే ఉంది. పక్కన చివరగా రాసినవారు: కోయిలకుంట్ల. దాని కింద ఉన్నవన్నీ దానికన్నా పాతవి.

“సైటు బాగానే ఉండాదమ్మా. రాసేటోళ్ళే ల్యారు,” అన్నాడు. మళ్ళీ వేలితో ఒక అంకె చూపించాడు. “సూసేటోళ్ళు మాత్రం సూస్తాండారు. ఎంతమంది తెరిచినారో ఈడ పడతాది.”

ఆ అంకె ఫోరంలో ఉన్న మనుషుల కన్నా ఎక్కువ ఉంది. అంటే చదివినవాళ్ళు మళ్ళీ వచ్చి చూసుకుని పోయారు. చూసి, ఏమీ రాయకుండా పోయారు. అసలు చూడలేదని తెలిసి ఉంటే నాకు ఇంకా తేలికగా ఉండేది.

డబ్బులిస్తే ఆయన తీసుకోలేదు. “రిపేరు చేసింటే గదా” అన్నాడు.

ఇంటికొచ్చి వదినకు సంగతి చెప్పాను. కాఫీ పెట్టి ఇచ్చింది. అది చాలా చక్కెర వేసిన కాఫీ. నేను తాగాను.

తర్వాత రెండు మూడు రోజులు తెరవలేదు. ఒక ఉదయం ఫోన్ అదే పనిగా మోగుతుంటే చూశాను. కొత్త పోస్టుల పేజీ నిండిపోయి ఉంది. నా జాబు కింద ఒక్కొక్కరూ ఒక్కొక్క ముక్క రాశారు. పొగడ్తలు లేవు. “నాకు నీళ్ళు తక్కువ అడిగే కొర్ర ఇత్తనం పంపించినాడు.” “మా యమ్మ పోయిన ఏడాది దినామూ మాట్లాడించినాడు.” “నేను తప్పు రాస్తే తప్పని చెప్పేది ఆయన ఒక్కడే.” వాన వరుసలో ప్రతి ఊరూ గడిచిన రోజులన్నిటి వానా కలిపి ఒకేసారి రాసింది. ఓర్వకల్లు రాసింది నాకు జ్ఞాపకం ఉంది. “మొదట జల్లు. దుమ్ము అణిగింది, అంతే. తరువాత మూడు దినాలు ఎండ. తరువాత పెద్ద వాన, వంక పారింది.”

నేను చదువుతూ కూర్చున్నాను. నేను తెలుసుకోవాలనుకున్నది తెలిసింది. కానీ ఇంతమంది ఇన్ని రోజులు ఊరుకుని ఒకే ఉదయం ఎందుకు రాశారో అర్థం కాలేదు.

ఆ మధ్యాహ్నం ఓర్వకల్లు నుంచి ఇన్‌బాక్సులో జాబు వచ్చింది. కర్నూలుకు పని మీద వస్తున్నానని, ఇల్లు ఎక్కడో చెబితే ఒకసారి వచ్చి పోతానని. చెప్పాను. మరుసటి రోజు ఒక ముస్లిం రైతు బండి మీద వచ్చాడు. యాభై దాటిన మనిషి. గడప బయట చెప్పులు విడిచి, మంచినీళ్ళు తాగి, మా ఆయన కుర్చీలో కాకుండా గోడ వారగా కూర్చున్నాడు.

“అమ్మా, లేటయిందనుకోవద్దు. మొన్నటికి పదకొండు దినాలాయ. అయినంక రాసినాం.”

“పదకొండు రోజులా? ఆయన పోయి నెలన్నర అయింది కదా.”

“మీకు. మాకు నువ్వు రాసిన దినమే గదా తెలిసింది.”

వదిన వంటింటి గడపలోంచి తల బయటపెట్టింది. “ఓర్నాయనా. దూరాన ఉండేటోళ్ళకు ఇన్నప్పట్నుంచే లెక్క. అది నిజమే. నాకు తట్టనే ల్యాదు సూడు, ఫోన్‌లో ఉండేటోళ్ళకు గూడా మైల ఉంటాదని.”

“మైల అని కాదక్కా,” అన్నాడతను. “ఈదిలో సావు జరిగితే పీనుగ లేచేదాకా పక్కిండ్లలో పొయ్యి ముట్టిస్తారా? ముట్టియ్యరు. ఫోరం నడిపే పెద్దాయన ఈ ఇంటికి తప్ప అందరికీ ఇన్‌బాక్సు లోపల జాబు పెట్టినాడు, ఎవురూ రాయొద్దండి అని. ఎవురు రాసినా ఈయప్ప పేరు కిందికి పోతాది గదా. పదకొండు దినాలూ పైనే ఉండనీ అనుకున్యాం.”

అంగడిలో చూసిన పేజీ జ్ఞాపకం వచ్చింది. అన్నిటికన్నా పైన నా జాబు, పక్కన ఆయన పేరు. అది వాళ్ళు కావాలని అక్కడ నిలబెట్టిన పేరు. నేను దాన్ని చూసి ఎవరూ పట్టించుకోలేదనుకున్నాను.

“మీ పద్ధతిలో మూడు రోజులే కదా?” అని అడిగాను.

“మూడే. మూడోనాడు గోరీ కాడ జియారత్ అయితే అయిపోతాది. అయినా పోయింది ఆయన, పద్ధతి ఆయనదే ఉండల్ల గదా. రాజంపేటాయప్పకు మాత్రం శానా కష్టమయింది. ఆయన మాట్లాడకుండా ఒక పూట ఉండల్యాడు. మూడోనాడు అరటి బేరం గురించి ఏదో రాస్తే పెద్దాయన తీసేసినాడు. మళ్ళా నాలుగోనాడు రాసె. మళ్ళా తీసేసె.”

వదిన నవ్వింది. నేనూ నవ్వాను. ఆయన పోయాక ఆ ఇంట్లో అది మొదటి నవ్వు అని నేను అనలేను గానీ, నాకు గుర్తున్నది అదే.

అన్నం తిని పొమ్మంటే తిన్నాడు. తింటూ ఒకచోట ఆగాడు.

“ఒకటి చెప్పల్లమ్మా. చెప్పకుంటే నాకు బాగుండదు.”

చెప్పాడు. ఆ మధ్యలో ఒక మధ్యాహ్నం ఓర్వకల్లు మీద పెద్ద వాన పడింది. మబ్బు బేతంచెర్ల వైపు కదులుతూ ఉంది. బేతంచెర్ల పేరుతో ఫోరంలో ఒక ఆడమనిషి ఉంది. ఒంటరిగా సేద్యం చేస్తుంది. వేరుశనగ, వాళ్ళ మాటలో శెనక్కాయ, పెరికి చేనులోనే ఆరవేసి ఉంది. అలాంటప్పుడు ఇతను ‘ఇప్పుడే మొదలైంది, మీ దిక్కు పోతాంది’ అని రాసేవాడు. ఆమె చూసుకుని, కూలోళ్ళను పిలిచి, కుప్ప వేసి పట్ట కప్పేది. ఏళ్ళుగా జరుగుతున్న పని అది.

“రాద్దామని ఫోను పట్టుకున్యా. కట్టుబాటు గుర్తొచ్చి పక్కన పెట్టినా. మనసొప్పక ఆయమ్మకు లోపల జాబు పెట్టినా. ఎవురూ రాయడం ల్యాదు గదా, ఆయమ్మ తెరిస్తే గదా. నంబరు ల్యాదు. మాకెవురికీ ఇంకొకరి నంబరు ల్యాదు.”

“తడిసిందా?”

“తడిసింది. కాయ నల్లబడె. కాయ తెంపినంక మిగిలే కట్టె గూడా మురిగిపోయె. ఎద్దులకు ఏడాది మేత అది.”

వదిన మజ్జిగ పోసింది.

“మావాడు ఉండుంటే మిమ్మల్నందర్నీ వరసబెట్టి తిట్టుండు,” అంది.

“తిట్టుండు,” అని ఒప్పుకున్నాడు.

అతను పోతూ పోయొస్తా అనలేదు. చావు జరిగిన ఇంటి నుంచి ఆ మాట చెప్పి పోరు. బండి ఎక్కి, చెయ్యి ఎత్తి, పోయాడు.

నేను రెండు రోజులు ఆలోచించాను. వాళ్ళు చేసింది నాకు ఎంత విలువైనదో నాకు తెలుసు. అది నేను అడగకుండా దొరికింది. అయితే దాని ఖర్చు నేను ఎప్పుడూ చూడని ఒక మనిషి చేనులో పడింది. మా ఆయన పేరు పైన ఉండడం కోసం ఒకరి ఏడాది మేత మురిగిపోవడం ఆయన ఒప్పుకునేవారు కాదు. ఇది నేను ఊహించి చెప్పడం లేదు. తన తమ్ముడు పోయిన రోజు కూడా, ఆసుపత్రి వరండాలో నిలబడి కౌలురైతుకు ఫోన్ చేసి వానెంత అని అడిగి, ఆ ముక్క రాసిన మనిషి. అప్పుడు నాకది వింతగా తోచింది.

అందుకని రాశాను. “మీరు ఆయనకు చేసిన మర్యాదకు నేను ఎప్పటికీ రుణపడి ఉంటాను. ఒక మనవి. ఇకమీదట ఎవరు పోయినా రాయడం ఆపవద్దు. వాన ఆగదు కదా. పోయినవారికి ఒక మాట రాసి, దాని కిందే వాన కబురు రాయండి.”

వెంటనే ఒప్పుకోలేదు. ఫోరం నడిపే పెద్దాయన, అది మన పద్ధతి, ఒకసారి నష్టం వచ్చిందని వదులుకుంటామా అని రాశాడు. ఒకరు మూడు రోజులు చాలన్నారు. ఒకరు వాన తప్ప మిగతావి ఆపుదామన్నారు. రాజంపేటాయన చాలా పొడుగ్గా రాశాడు, అందులో సగం అరటి గురించే. చివరకు బేతంచెర్ల ఆమె రాసింది.

“తడిసింది నా శెనక్కాయ. కొట్లాడుకుంటాండేది మీరు. కోయిలకుంట్లన్న కోసరం నేను గూడా నోరు మూసుకోనే కూచున్యా, నన్నెవురూ బలవంతం చేయల్యా. ఆయన పెండ్లాం చెప్పింది గదా. ఇంగ చాలు, ఇనండి.”

ఆ తర్వాత ఎవరూ వాదించలేదు.

నేను ఆమెకు ఇన్‌బాక్సులో రాశాను. మా కౌలురైతు దగ్గర శనగ పొట్టు ఉందని, పంపిస్తానని. “పంపు. ఎద్దులు వద్దనవు” అని జవాబిచ్చింది. పంపాను.

కోయిలకుంట్ల వాన నేనే రాస్తున్నాను. కౌలురైతే రోజూ ఫోన్ చేస్తాడు. నాకు పదును తెలియదు గనక అతను చెప్పింది చెప్పినట్టు రాస్తాను. వదిన కడపకు తిరిగి పోయింది. వారానికోసారి ఫోన్ చేసి, “మీ వానోళ్ళు ఎట్లుండారు?” అని అడుగుతుంది.

ఈ ఎండాకాలంలో రాజంపేటాయన పోయాడు. ఆయన కోడలు ఆయన పేరుతోనే రాసింది. ఉదయం ఆ జాబు అన్నిటికన్నా పైన ఉంది. నేను ఆయన గురించి రెండు మాటలు రాసి, కింద ‘కోయిలకుంట్ల. వాన లేదు. వడగాలి’ అని రాశాను. ఓర్వకల్లు రాశాడు. బేతంచెర్ల రాసింది. ఎవరో బోరు మోటారు గురించి అడిగారు, దానికి ముగ్గురు జవాబు చెప్పారు. నేను మధ్యమధ్యలో తెరిచి చూస్తూనే ఉన్నాను. రాజంపేట అన్న పేరు ఒక్కో మెట్టే దిగుతూ వచ్చి, సాయంత్రానికి మొదటి పేజీ దాటి పోయింది. దాన్ని ఒక్క రోజైనా పైన నిలపాలని నాకు అనిపించింది. కానీ ఆ మాట ఎక్కడా రాయలేదు.

ఇప్పుడు ఆ ఫోరంలో ఎవరు పోయినా రాయడం ఆపరు.